ఏడో ఫ్రేము

1986 ఏప్రిల్ 24, కారేపల్లి

గూడు చూపిస్తానన్న బిచ్యా మాట నిలబెట్టుకున్నాడు. ఏన్కూరు అవతల, వాళ్ల తండా చేను దాటగానే ఒక ఇప్పచెట్టు. దాని తొర్రలో హార్న్‌బిల్ గూడు, అదే, కొమ్ములాంటి పెద్ద ముక్కు పిట్టది. ఆడది లోపల కూర్చుని తొర్రను తానే మెత్తి మూసుకుంది. హోళీ అయిన వారానికే మూసుకుందట. రెండు వేళ్ల సందు మిగిలింది. అందులోంచి మగాడు పండు అందిస్తాడు. లోపల ఈకలు రాల్చుకుని ఉంటుంది, ఎగరలేదు. అతను రాకపోతే ఆకలితో చావాల్సిందే.

నాకు ఒక్క ఫ్రేము కావాలి. ఇద్దరి ముక్కుల మధ్య పండు. పన్నెండేళ్లుగా స్టూడియోలో గడ్డం పైకి, కొంచెం నవ్వండి అంటున్నాను. నవ్వమనకుండా తీసిన ఫోటో ఒక్కటైనా నాకుండాలి.

ఏప్రిల్ 26

దాక్కోవడానికి స్టూడియో పరదా పట్టుకుపోయాను. దాని మీద కొబ్బరిచెట్లు, చెరువు, రెండు హంసలు. చెట్ల బొమ్మే కదా, అడవిలో కలిసిపోతుందని నా తెలివి. బిచ్యా పడీపడీ నవ్వాడు. మగాడు రాలేదు.

రేపు తిరగేసి కట్టాలి.

ఏప్రిల్ 27, ఆదివారం

చర్చి ఎగ్గొట్టాను. ఆరింటి నుంచి పరదా వెనకే. మగాడు వచ్చాడు, కానీ గూటికి కాదు. బండిబాట పక్కన ఆకు రాలిన బూరుగు చెట్టు మీద వాలి, నోట్లో పండుతో రెండు గంటలు నన్నే చూశాడు. నేనూ కదల్లేదు. అతను మొండి, నేను జగమొండి. చివరికి అతనే వెళ్లిపోయాడు.

సందులోంచి ఆమె ముక్కు కొస బయటికి వచ్చింది. కాసేపుండి లోపలికి పోయింది.

ఏప్రిల్ 28

తొమ్మిదీ పదికి తొర్ర దగ్గర వాలాడు. నొక్కుతుండగానే మెడ తిప్పి చూశాడు. షట్టర్ టక్కుమంది. అంతే, పండుతో సహా ఎగిరిపోయాడు. రోల్లో మొదటి ఆరూ బాప్తిస్మం ఫోటోలు. ఇది ఏడోది. షేక్ అయ్యే ఉంటుంది.

బిచ్యా వాళ్లమ్మ ద్వాలి తిడుతోందట. బాలింత గుడిసె ముంగట పరాయి మొగోడు కూసుంటడా, గాయనకు గింత తెల్వదా అన్నదట. నవ్వేసి, ఇంకొక్క రోజు అన్నాను.

ఏప్రిల్ 29

ఇంకొక్క రోజు.

ఏప్రిల్ 30

మళ్లీ బూరుగు చెట్టు మీదే కూర్చున్నాడు. ఏడున్నరకు బండిబాట వైపు తుపాకీ మోగింది. చూస్తే కొమ్మ ఖాళీ.

పరుగెత్తాం. చెట్టు కింద బూడిద రంగు తోక ఈకలు రెండు. కాల్చినవాడు పిట్టను తీసుకుని పోయాడు. దినాం ఈడ్నే కూసుంటున్నది, ఎవనికన్న కనవడ్తది గద సార్ అన్నాడు బిచ్యా. నీవల్లే అనలేదు. ఆ మొండి చెట్టు మీద అతన్ని కూర్చోబెట్టింది నా పరదాయే.

మే 1

పరదా విప్పేశాను. ఆమె ముక్కు పదకొండుసార్లు బయటికి వచ్చింది.

ద్వాలి తిట్టలేదు. జువ్వి పండ్లు కోసుకురమ్మంది. వెదురు గడ కొస చీల్చి, అందులో పండు ఇరికించి సందు దగ్గర పెట్టాను. ముక్కు లోపలికి పోయింది.

మే 2, ఉదయం

తీసుకోలేదు.

మధ్యాహ్నం

తీసుకోలేదు. చస్తుంది. నేనే చంపుతున్నాను. రాస్తే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

మే 3

ద్వాలి మళ్లీ వచ్చింది. తలుపు కొట్టకుండ పోతే ఏ ఆడిది తీస్తది, గాయన ఎట్ల కొడ్తుండెనో గట్ల కొట్టు అన్నది. నిజమే, మగాడు ముక్కుతో మానును కొట్టి పిలిచేవాడట. ఇది చేనులో ఉండే ముసలమ్మకు తెలుసు, లెన్సు పెట్టుకుని చూసిన నాకు తెలియలేదు.

గడతో కొట్టాను. టక్ టక్. ముక్కు వచ్చింది. పండు తీసుకుంది. ఇంకోటి తీసుకుంది. ఏడు తిన్నది. ఏడ్చేశాను. బిచ్యా అటు తిరిగి నిలబడ్డాడు.

కెమెరా ద్వాలి గుడిసెలో మేకుకు వేలాడుతోంది.

మే 19

పెళ్లిళ్ల సీజన్. స్టూడియోకు తాళం. ఇంట్లో నా భార్య సంపూర్ణ మండిపడుతోంది. నువ్వేమన్న ఆ పిట్టకు మొగుడివా అని అడిగింది. అవ్ అన్నాను. అన్నం వడ్డించి లోపలికి పోయింది.

పండ్లు కోసి కోసి వేళ్లు జిగురు పట్టాయి. ఇప్పుడు తొర్రలోంచి సన్నగా ఇంకో గొంతు కూడా వినిపిస్తోంది.

జూన్ 8

కొట్టాను. ఎవరూ పలకలేదు. అప్పుడు చూశాను, తొర్రకు మెత్తిన గోడ పగిలి ఉంది. పై కొమ్మ మీద ఆమె, పక్కన ఒకే ఒక పిల్ల.

పురుడు ఎల్లింది, ఇగ తీస్కో ఫోటో అని ద్వాలి కెమెరా తెచ్చిచ్చింది. తీయలేకపోయాను.

జూన్ 21

హైదరాబాద్ నుంచి రోల్ కడిగి వచ్చింది.

ఏడో ఫ్రేము షేక్ కాలేదు. నేనెప్పుడూ ఇంత షార్ప్‌గా తీయలేదు. మగాడి కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. మెడ నా వైపు తిప్పాడు.

పండు నోట్లోనే ఉంది.