బొమ్మల గుంపులో నేను

మంగళవారం, మదనపల్లె హాస్టల్

మీ ఇంటికి దారి చెప్పమని తెలుగు సార్ అందరికీ కాగితాలిచ్చారు. మా తంబళ్లపల్లె వైపు దారి అడిగితే పుల్లతో నేల మీద గీసి చూపిస్తారు. నేనూ అలాగే గీసిచ్చాను. దాంతో నన్ను బొమ్మలతో నేర్చుకునేవాళ్ల గుంపులో వేశారు. మాకిక చార్టులే, కథల పుస్తకాలు మాటల గుంపుకట.

"నీకు కతలు యాలమ్మా? బొమ్మలు సూసుకోపో!" అంది నా గదిలో ఉండే రెడ్డెమ్మ.

సార్ నా బుర్ర తీరు చూసి వేశారా, పల్లెటూరిదాన్నని వేశారా? నాకు తేలడం లేదు.

రేపు సార్‌కి చూపిద్దామని దారిని మాటల్లో రాయబోయాను. బస్సు దిగడం నుంచి వేరుశనగ చేను దాకా బాగానే సాగింది. బోరు దగ్గర మలుపు వచ్చేసరికి మాట దొరకలేదు. చూస్తే, పెన్ను గీత గీస్తోంది.

కాగితం చించేశాను. పక్క మంచం మీద రెడ్డెమ్మ నిజంగానే నిద్రపోతోందా?