ఫిర్యాదులు వినే ఉద్యోగం

ఫిబ్రవరి 3, మంగళవారం. ఉదయం 7

లేవగానే అందరినీ ఒంట్లో ఎలా ఉందని అడిగాను. మనవరాలికి తలనొప్పి తగ్గిందట, కళ్ళ కింద నలుపు మాత్రం తగ్గలేదు. మా అమ్మాయి తన ఊరి నుంచి ఫోన్ చేసి బీపీ మాత్ర వేసుకున్నానంది, గొంతు వింటే వేసుకున్నట్టు లేదు. అల్లుడికి దగ్గు. చెల్లెలికి నడుం ఇంకా పట్టేసే ఉంది. కంపెనీలో మనవరాలి భాగస్తుడు, జుట్టు ముడేస్తాడు కనుక నేను పిలక అంటాను, అతనికి కడుపులో మంట. అన్నం మానేసి కాఫీలు తాగితే మండక చల్లగా ఉంటుందా. నాకు మోకాళ్ళు ఎప్పటిలాగే. గుండె దడ ఎక్కువ.

దడకి కారణం ఉంది. నిన్నటి నుంచి నేను ఆఫీసర్ని.

మనవరాలూ పిలకా మేడ మీద గదిలో ఒక యాప్ చేశారు. ఇంట్లోవాళ్ళు ఎక్కడ తిరుగుతున్నారో మ్యాప్ మీద చుక్కలుగా చూపిస్తుంది. అలాంటి యాప్‌కి ఫిర్యాదులు వినే ఆఫీసర్ ఒకరు ఉండి తీరాలట. పేరూ ఫోన్ నంబరూ అందులోనే పెట్టాలట. చట్టం. కంపెనీ నడిపేవాళ్ళు ఆ పని చెయ్యకూడదట. ఐదో క్లాసు దాన్ని నేనెందుకే అన్నాను. ఎలాగూ పొద్దస్తమానం కంగారు పడుతూనే ఉంటావు కదా అమ్మమ్మా, ఆ కంగారుకి ఒక కుర్చీ వేశామనుకో, అంది. పిలక పడీ పడీ నవ్వాడు. మూడు చోట్ల సంతకం పెట్టాను.

ఫిబ్రవరి 5, గురువారం. మధ్యాహ్నం 12

నాలుగు ఫోన్లు. ఒకాయన, మా ఆవిడ చుక్క చెరువు మధ్యలో కనబడుతోంది, ఏం చెయ్యమంటారు అన్నాడు. ముందు ఆవిడకి ఫోన్ చెయ్యి నాయనా అన్నాను. ఇంకొకావిడ, మా ఆయన చుక్క ఆఫీసులో లేదు, ఎక్కడుందో నాకు తెలుసు, మీకు చెప్పనా అంది. వద్దన్నా చెప్పింది.

ఫోన్ వదిలి స్నానానికి పోవడానికి లేదు. వీధి చివరి దాకా నడక కూడా మానేశాను. ఆ రొదలో మోగితే వినబడదు.

ఫిబ్రవరి 9, సోమవారం. సాయంత్రం 4

ఒక అమ్మాయి. మాటల వెనక కుట్టుమిషను చప్పుడు. మొగుడి దగ్గర నుంచి వచ్చేసి రెండు నెలలైందట. ఎక్కడుందో అతనికి తెలియదు. ఒక బట్టల కొట్టులో కుడుతోంది. ఆ కొట్టులో కూర్చునే మన యాప్‌లో డిలీట్ నొక్కింది. ఆమె ఫోన్‌లోంచి యాప్ పోయింది. అతని ఫోన్‌లో మాత్రం ఆమె చుక్క ఆ కొట్టు మీదే నిలిచిపోయిందట. ఆడపడుచు చూసి చాటుగా చెప్పింది. వాడింకా గమనించలేదు, ఈలోగా తీసేయించండి పెద్దమ్మా, మీకు పుణ్యముంటుంది అంది. గొంతు వణుకుతోంది, జ్వరమా తల్లీ అన్నాను. జ్వరం కాదండీ అంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

మనవరాలికి చెప్పాను. డిలీట్ నొక్కినా వివరాలు లోపల ఉండిపోతాయని వాళ్ళిద్దరికీ ముందే తెలుసు! ఇరవయ్యో తేదీన ఇన్వెస్టర్లు చూడ్డానికి వస్తారు, అప్పటిదాకా దేన్నీ కదపకూడదు అన్నాడు పిలక. ఒక్క చుక్కే కదా బాబూ అంటే, ఒక్క ఇటుకే కదా అని గోడలోంచి లాగుతామా బామ్మగారూ అన్నాడు. ఫిర్యాదుకి పదిహేను రోజుల్లో జవాబివ్వాలట. ఉన్నాయిగా పదిహేను రోజులు అన్నారు ఇద్దరూ.

ఫిబ్రవరి 12, గురువారం

ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. చూస్తున్నారమ్మా అన్నాను. వాడు చూడకపోతే చాలు పెద్దమ్మా అంది.

ఫిబ్రవరి 16, సోమవారం

మనవరాలు జవాబు తయారు చేసి తెచ్చింది. ఇన్వెస్టర్లు వచ్చేసరికి ఫిర్యాదులేవీ మిగిలి కనబడకూడదట. మీ వివరాలు పూర్తిగా తొలగించడమైనది అని, కింద నా పేరు. తీసేశారా అని అడిగాను. వచ్చేవారం ఎలాగూ తీసేస్తాం కదా అమ్మమ్మా, కాగితం కాస్త ముందు వెళితే ఏం, అంది. నాలుగు రోజులుగా అది సరిగ్గా తినలేదు. దాని మొహం చూసి సంతకం పెట్టాను. తెలిసే పెట్టాను. ఇది ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను.

సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. సంతోషంతో. మీ కాళ్ళకి దండం పెద్దమ్మా అంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇవాళ ఎవరికి ఒంట్లో ఎలా ఉందో అడగలేదు.

ఫిబ్రవరి 21, శనివారం. ఉదయం 10

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నిన్న అతను వచ్చాడట. కొట్టుకి ఎదురుగా పొద్దున్నించీ నిలబడ్డాడు. కొట్టు మూసే వేళకి ఫోన్ ఎత్తి తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. వెళ్ళిపోయాడు. తీసేశామని రాశారు కదా, సంతకం మీదే కదా పెద్దమ్మా అంది. తిట్టినా బాగుండేది.

మేడ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. ఇన్వెస్టర్లు ఒప్పుకున్నారని పిలక ఫోన్‌లో ఎవరితోనో సంబరంగా చెబుతున్నాడు. నేను చెప్పింది విని మనవరాలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పుడే తియ్యి అని అరిచింది. పిలక కూర్చుని తీశాడు. గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు.

పన్నెండు రోజులు ఆగిన పని.

ఇలా ఇంకా ఎంతమందివి ఉండిపోయాయే అన్నాను. లెక్క చూడలేదు అమ్మమ్మా అంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

నోటీసు వచ్చింది. ఆ అమ్మాయి ప్రభుత్వానికి రాసింది. కవరు మీద నా పేరు. నా పేరుతో ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో.

మార్చి 2, సోమవారం. సాయంత్రం 5

కంపెనీ తరఫు ప్లీడరమ్మ వచ్చింది. చాలా మర్యాదస్తురాలు. కంపెనీ తెలిసి అబద్ధం రాసిందంటే యాప్ మూయించేస్తారట. పెద్దావిడ మరిచిపోయి సంతకం పెట్టేసిందంటే హెచ్చరికతో పోతుందట. కనుక నాకు మతిమరుపు. తెలిసిన డాక్టరు సర్టిఫికెట్ రాస్తాడట. ఏమడిగినా గుర్తులేదనండి అమ్మగారూ, అంతకు మించి ఒక్క ముక్క వద్దు అంది. నాతో ప్రాక్టీసు చేయించింది. ఆ అమ్మాయి మొదట ఎప్పుడు ఫోన్ చేసింది అని అడిగింది. తొమ్మిదో తేదీ, సాయంత్రం నాలుగింటికి అన్నాను. ప్లీడరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

మార్చి 4, బుధవారం

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యాహ్నం మనవరాలు నా కాళ్ళ దగ్గర కూర్చుని మోకాళ్ళకి నూనె రాసింది. మూడేళ్ళు ఆ గదిలోంచి కదల్లేదు, నువ్వు చూశావు కదా అమ్మమ్మా అంది. చూశాను. పండగా పబ్బం లేదు, స్నేహితుల్లేరు. ఒక్క మాట అంటే నీకు పోయేదేముంది అంది. తప్పుగా అనలేదు. నాకు నిజంగానే పోయేదేం లేదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆ నంబరు లేదని వస్తోంది. ఆమె ఒకసారి చేసిన కొట్టు నంబరుకి చేస్తే, మానేసి వెళ్ళిపోయింది, ఎక్కడికో మాకూ చెప్పలేదు అన్నారు. బతికి ఉంటే చాలు అనుకున్నాను. అనుకుని నా నోరు నేనే కొట్టుకున్నాను.

మార్చి 5, గురువారం

నా ఫోన్ పిలక తీసుకున్నాడు. మీకెందుకండీ శ్రమ, ఇకపై నేనెత్తుతాను అన్నాడు. ప్లీడరమ్మ సలహా అట. మాత్ర వేసుకున్నావా, ఇవాళ ఏ వారమో చెప్పు అని మనవరాలు అడుగుతోంది. అలవాటు చేస్తోంది కాబోలు.

మార్చి 6, శుక్రవారం

పక్కింటి టీచరు ఫోన్ అడిగి తీసుకుని నోటీసు మీది నంబరుకి చేశాను. చెప్పాల్సింది ఉంది, ఈ మోకాళ్ళతో అంత దూరం రాలేను, మీరే రండి అన్నాను. సరేనన్నారు. ఇంట్లో ఇంకెవరుంటారు అని అడిగారు. నా మనవరాలు అన్నాను.

దానికింకా చెప్పలేదు.

మార్చి 10, మంగళవారం. ఉదయం 11 గంటలకి వస్తారు.