పదకొండు గంటల మాట

మాదాపూర్,
15 నవంబరు 1999, సోమవారం.

సౌభాగ్యవతి కనకలక్ష్మికి శివశంకర్ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. ఏటూరునాగారంలో నువ్వూ, మన బుజ్జీ, మీ ఆశ్రమ పాఠశాల పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. అక్కడ అప్పుడే చలి ముదిరిందని రాశావు. బుజ్జికి చెవులకు గుడ్డ కట్టకుండా పొద్దున బయటికి పంపకు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. తిండికి లోటు లేదు. మన ఇంటి యజమానురాలు బుచ్చమ్మ వారానికి రెండు రోజులు జొన్నరొట్టె, పచ్చిపులుసు పైకి పంపుతోంది. తక్కిన రోజులు కొండాపూర్ దారిలో కొత్తగా పెట్టిన మెస్‌లో తింటున్నాను. అక్కడ అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. నేను కూర్చున్న బల్ల దగ్గర మిగతా కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. వాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు, పెద్దాయనను ఇబ్బంది పెట్టడమెందుకని. కళ్లద్దాలు మార్పించాను.

మన కిటికీలోంచి కనిపించే ఆ కంప్యూటర్ కంపెనీల గుండ్రటి భవనం లోపల ఎలా ఉంటుందని బుజ్జి అడిగింది కదా. పోయిన నెల ఒకసారి వెళ్లాను. మధ్యలో ఆకాశం కనిపిస్తుంది, కింద మొక్కలున్నాయి. చుట్టూ అద్దాలు. ఒక కంపెనీలో తెలుగు తెలిసిన మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టుకున్నాను. ముందు గదిలో కూర్చుంటే అక్కడి అమ్మాయి మంచినీళ్లిచ్చి, "మీ బాబుకు ఇంటర్వ్యూ ఎన్ని గంటలకు సార్?" అని అడిగింది. ఇంటర్వ్యూ నాకేనని చెప్పాను. ఆ అమ్మాయి చాలా నొచ్చుకుంది. లోపలివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. ఇంతవరకు కబురేమీ లేదు. బుజ్జికి మొక్కల సంగతి మాత్రం చెప్పు.

పగలంతా గదిలోనే ఉంటాను. ఒక్కోసారి రెండేసి రోజులు నోరు తెరిచే పని ఉండదు. పోయిన మంగళవారం బుచ్చమ్మ కిందినుంచి, "అయ్యా, శివశంకర్ అంటున్నరు, నీకే ఫోను" అని కేకేసింది. పరుగున దిగాను. నిజామాబాద్ నుంచి ఎవరో, శివశంకర్ ఎలక్ట్రికల్ షాపు కావాలట. నంబరు తప్పని చెప్పి పెట్టేయవచ్చు. కానీ నేను వాళ్ల ఊళ్లో వానలెట్లా పడ్డాయని అడిగాను. పాపం ఆయన కూడా చెప్పాడు. ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాం. పెట్టేశాక బుచ్చమ్మ, "సుట్టాలా?" అంది. అవునన్నాను.

ఇక నీ ఉత్తరంలో చివరి రెండు మాటలు. కంప్యూటర్లో తెలుగు రాసే మా ప్రోగ్రాం పూర్తయిందా అని అడిగావు. "తమ్ముడు శుభలేఖ తెస్తే తీసుకోండి. నేను పెళ్లికి రానని మాత్రం వాడికి చెప్పండి. వాడి అజాగ్రత్త వల్ల మీ మూడేళ్ల కష్టం బూడిదైంది. వాడి ముఖం చూడలేను" అని రాశావు. ఆ మాటలు శుక్రవారం నుంచి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. వాటికి జవాబు రాయాలంటే మొదటినుంచీ చెప్పాలి, లక్ష్మీ. చాలావరకు నీకు తెలిసిన కథే. కానీ నీకు తెలిసినదాంట్లో నేను ఒక అబద్ధం కలిపాను.

చిక్కడపల్లిలో మన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడి నేను కంప్యూటర్ నేర్చుకునేటప్పటికి నాకు నలభై. నీ తమ్ముడు మధుకర్ అప్పుడే ఎం.సి.ఏ. ముగించి వచ్చాడు. "బావా, తెలుగు అక్షరం నీకెరుక, ప్రోగ్రాం రాసుడు నాకెరుక. ఇద్దరం గలిసి చేద్దాం. మనోళ్లు ఇంటర్నెట్ల తెలుగులనే ఉత్తరాలు రాసుకోవాలె" అన్నాడు. ఆ మాటతోనే ఈ గది కిరాయికి తీసుకున్నాం. కిటికీలోంచి చూస్తే అప్పటికి ఆ గుండ్రటి భవనం పునాదుల్లోనే ఉంది.

తొంభై ఏడు దసరాకే మా ప్రోగ్రాం పనిచేసింది. నీకు చూపించాము కూడా. అక్కడక్కడా ఒత్తులు తప్పేవి. మధు ఆనాడే, "ఇగ ఇడుద్దాం బావా. తప్పులుంటే వాడెటోళ్లే జెప్తరు, దిద్దుకుందం. మనం ముందుగాల పోవాలె" అన్నాడు. నేను ఇంకో నెల అన్నాను. ఆ నెల తర్వాత ఇంకో నెల. వాడు విసుక్కోలేదు. నేను దిద్దమన్నవన్నీ దిద్దాడు.

తొంభై ఎనిమిది జూన్‌లో సికింద్రాబాద్ మునిస్వామి దొరికాడు. కంప్యూటర్లు అమ్మే వ్యాపారి. తాను అమ్మే ప్రతి కంప్యూటర్లోనూ ఒక తెలుగు ప్రోగ్రాం వేసి ఇవ్వాలని ఆయన ఆలోచన. రెండు జిల్లాల స్కూళ్లకు కంప్యూటర్లు పంపబోతున్నాడు. జూన్ పన్నెండు శుక్రవారం, పదకొండు గంటలకు ప్రోగ్రాం తెచ్చి చూపించమన్నాడు. ఆ సాయంత్రం రైలుకు మద్రాసు వెళ్లాలి, అంతలోపు ఎవరిది వేయాలో తేల్చేస్తానన్నాడు. మధు నాకు పదకొండనే చెప్పాడు. నేను నీకు చెప్పినట్టు మూడు గంటలని చెప్పలేదు. పదకొండని రెండుసార్లు చెప్పాడు, కాగితం మీద రాసి గోడకు కూడా అంటించాడు.

ప్రోగ్రాం ఎక్కించిన ఫ్లాపీలు నా దగ్గరున్నాయి. వాడు కూకట్‌పల్లి గది నుంచి నేరుగా అక్కడికి వెళ్లాడు. నేను పొద్దున ఏడింటికి చివరిసారి చూసుకుందామని కూర్చుని నీ పేరు కొట్టాను. 'కనకలక్ష్మి'లో మకారపు ఒత్తు పక్కకు జారి వేలాడుతోంది. వెయ్యి పదాల్లో ఒకదానికి వచ్చే తప్పు. మునిస్వామి కంటికి కనిపించేదే కాదు. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

పదింబావుకు బుచ్చమ్మ పైకొచ్చింది. "మీ బామ్మర్ది ఫోన్ జేసిండు. బయల్దేరినవా అని అడుగుతున్నడు."

"బయల్దేరానని చెప్పమ్మా" అన్నాను.

"ఈడనే కూసుంటివి గద!"

"చెప్పు, ఐదు నిమిషాల్లో పోతా."

పదకొండుకు మళ్లీ వచ్చింది. పన్నెండున్నరకు మూడోసారి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నా నోటితోని ఎన్ని అబద్ధాలు జెప్పిపిస్తవయ్యా? ఆ పొల్లగాడు పరేషాన్ అయితున్నడు" అంది. అప్పటికీ లేవలేదు.

అక్షరం కోసం కూర్చున్నానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. నాకు భయమేసింది, లక్ష్మీ. గదిలో ఉన్నంతసేపూ అది గొప్ప పని. బయటికి పోతే నలుగురూ చూస్తారు. టైపు మాస్టారికి కంప్యూటర్ ఎందుకని నవ్వుతారు. ఒత్తు జారడం చూసినప్పుడు నాకు కలిగింది దిగులు కాదు, ఊరట. ఇవాళ వెళ్లక్కర్లేదని ఊరట.

మూడున్నరకు సికింద్రాబాద్ చేరాను. మునిస్వామి రైలు కోసం పెట్టె సర్దుకుంటున్నాడు. "రండి సార్. మీ బామ్మర్ది మూడు గంటలసేపు మాట్లాడినాడు. చేతిలో ఏమీ లేకపోతే కాగితాల మీద అక్షరాలు గీసి చూపించినాడు. నాకు నచ్చింది. కానీ కాగితాన్ని కంప్యూటర్లో వెయ్యలేను కదా. రెండింటికి ఇంకొకరు తెచ్చినారు, వాళ్లది తీసుకున్నాను" అన్నాడు. వాళ్లదాంట్లో సగం ఒత్తులు విరిగే ఉన్నాయి. అయినా అదే రెండు జిల్లాలకూ పోయింది. ఏడాది తిరిగేసరికి వాళ్లు తప్పులన్నీ దిద్దుకున్నారు. ఇప్పుడు అదే అందరికీ అలవాటైంది.

మధు వాకిట్లో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "తిన్నవా బావా?" అన్నాడు. అంతే అన్నాడు.

నిరుడు దసరా సెలవులకు నువ్వు వచ్చి ఏమైందని అడిగావు. నీ ముఖంలోకి చూస్తూ నిజం చెప్పలేకపోయాను. "మధు టైము తప్పు చెప్పాడు, మూడు గంటలన్నాడు" అనేశాను. నోరు జారిన మాట కూడా కాదు, అప్పటికి మూడు నాలుగు రోజులుగా కూర్చుకున్న మాట. నువ్వు చెప్పులేసుకుని అప్పటికప్పుడు కూకట్‌పల్లి బయల్దేరావు. నేను వెనకాలే వచ్చి, వాడి గది కింద మెట్ల దగ్గర నిలబడ్డాను. "అమ్మ పోయినప్పుడు నీకు ఎనిమిదేండ్లు. నా చేతులతోని పెంచిన. నా సంసారానికే గిట్ల చేస్తవా?" అని నువ్వు ఏడవడం విన్నాను. వాడేం చెబుతాడోనని భయపడ్డాను. వాడు, "తప్పయింది అక్కా" అన్నాడు. నేను మెట్లెక్కి రావచ్చు. పన్నెండే మెట్లు. రాలేదు.

ఆ తర్వాత వాడు ఆ గుండ్రటి భవనంలోనే ఉద్యోగంలో చేరాడు. ఇక్కడికి మళ్లీ రాలేదు. పదమూడు నెలల తర్వాత నిన్న మధ్యాహ్నం వచ్చాడు. మూలలకు పసుపు రాసిన శుభలేఖ నా చేతిలో పెట్టి, "అక్కకు నువ్వే పంపు బావా. నేను పంపితే తిరిగొస్తది" అన్నాడు. ఉగాదికి వాడు రాసిన ఉత్తరం నువ్వు విప్పకుండా వెనక్కి పంపావని నాకు నిన్నటిదాకా తెలియదు.

 తర్వాత వాడే కంప్యూటర్ ముందు కూర్చుని నీ పేరు కొట్టాడు.

"ఒత్తు జారుతలేదు బావా."

"లేదు. భాద్రపదంలో కుదిరింది."

"మంచిగున్నది" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు. అదే నన్ను కోసింది.

"ఆ రోజు అక్క అట్లా తిడుతుంటే నిజమెందుకు చెప్పలేదురా?" అని అడిగాను. ఆ మాట అడగడానికి నాకు పదమూడు నెలలు పట్టింది.

వాడు తెర వైపే చూస్తూ చెప్పాడు. "ఏం జెప్పాలె? జెప్తే అక్క నిన్ను నమ్ముడు బంద్ జేస్తుండె. ఆడ అడవిల పిల్లనేసుకొని ఒక్కతే ఉంటది. నువ్వు ఈడ ఏదో సాధిస్తవన్న ధైర్యంతోనే ఉంటది. నన్ను నమ్మకుంటే ఏమాయె, తమ్మున్ని గద, ఓ నెల కోపం జేసి మళ్ల పిలుస్తది అనుకున్న." కీబోర్డు పక్కకు జరిపి, "నెల నెల అనుకుంట ఏడాది దాటిపాయె" అన్నాడు.

పోయేముందు శుభలేఖను బల్ల మీద సరిగ్గా సర్దుతూ, "పందిట్ల కొంగులు ముడేసే ఆడబిడ్డ ఎవరని అత్తగారోళ్లు అడుగుతున్నరు. చిన్నమ్మ బిడ్డను అడగాల్నా బావా?" అన్నాడు. నా అనుమతి అడుగుతున్నట్టు అడిగాడు, లక్ష్మీ.

"ఎవరినీ అడగకు. నేను మీ అక్కకు రాస్తాను" అన్నాను.

"ఏం రాస్తవు?"

"జరిగింది రాస్తా."

"జర ఆలోచించు బావా" అన్నాడు. అప్పుడు కూడా నా గురించే ఫికరు.

ఫ్లాపీలన్నీ వాడికే ఇచ్చేశాను. ఎవరికి కావాలంటే వాళ్లు ఉచితంగా తీసుకునేటట్టు ఇంటర్నెట్‌లో పెడతానన్నాడు. ఇంకో రెండు తప్పులు మిగిలి ఉన్నాయని చెబితే నవ్వాడు. వాడు వెళ్లాక గది మరీ పెద్దదైపోయినట్టుంది.

ఇదీ జరిగింది. మూడేళ్ల పనిని పాడుచేసింది నేను. నీ తమ్ముణ్ని నీకు కాకుండా చేసింది నేను. తల్లి తర్వాత తల్లిగా పెంచిన నిన్ను, ఆ తమ్ముడి ముఖం చూడలేనని రాసేదాకా తెచ్చింది నేను. క్షమించమని అడిగే ధైర్యం ఇప్పుడు లేదు. అడిగితే నీ కోపం నుంచి త్వరగా బయటపడాలని అడిగినట్టవుతుంది. నీ కోపం నీ దగ్గరే ఉండనీ. అది ఇన్నాళ్లూ తప్పు చిరునామాకు పోయింది. ఇకనైనా నాకు రానీ.

పెళ్లి ఈ నెల ఇరవై ఎనిమిది, ఆదివారం, జనగామలో. ఉత్తరం నీకు శుక్ర, శనివారాల్లో అందాలి. సెలవు పెట్టుకుని బుజ్జిని తీసుకుని ముందురోజే చేరు. వరంగల్‌లో బస్సు మారితే చాలు. నేను రావాలో వద్దో నువ్వు చెప్పు. వద్దంటే రాను, అడిగినవాళ్లకు నాకు జ్వరమని చెప్పనక్కర్లేదు, ఉన్నదే చెప్పు. శుభలేఖ వెనక మధు ఆఫీసు ఫోను నంబరు రాసి ఇచ్చాడు. ఉత్తరం చదివిన రోజే బజారుకెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి చెయ్యి. ఏమీ వివరించనక్కర్లేదు. పేరు పెట్టి పిలువు, చాలు.

ఈ ఉత్తరంలో కొట్టివేతలు చాలా ఉన్నాయి. ఒకచోట సిరా కూడా పారింది. మంచి కాగితం మీద మళ్లీ రాద్దామని ఇప్పుడే ఇంకో కాగితం తీశాను. కానీ టపా నాలుగు గంటలకు తీస్తారు, మూడున్నర దాటింది. ఉన్నది ఉన్నట్టే కవరులో పెడుతున్నాను.

ఇట్లు,
నీ నమ్మకాన్ని కాపాడలేకపోయిన నీ భర్త, బుజ్జి నాన్న,
శివశంకర్.