మిల్లు స్థలంలో అపార్టుమెంట్లట

నాయినా,

నువ్వు పోయిన ఇన్నేళ్లకు, నువ్వు పనిచేసిన నాచారం నూలు మిల్లును ఈ రోజు కూల్చడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ కోసమని సర్కారు చవకగా ఇచ్చిన స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లు కట్టుకోవచ్చట.

"తెల్లోళ్లు మన పత్తి అగ్గువకు కొనుక్కపోయి, బట్ట మనకే పిరం జేసి అమ్మిన్రు. గందుకే మన మిల్లు మనకుండాలె" అని యూనియన్ మీటింగుల్లో అనేవాడివి.

మిల్లు నష్టాలతోనే మూతపడిందా, స్థలం రేటు పెరుగుతుందనే మూశారా అని నాకెప్పుడూ అనుమానమే. గేటు దగ్గర మేనేజరును అదే అడిగాను.

"పాత ముచ్చట ఎందుకమ్మా? అపార్టుమెంట్లు వస్తే మీకే పని దొరుకుతది."

"ఏం పని సార్?"

"ఇండ్లల్ల పని."

నీతో పనిచేసిన సత్తెమ్మత్తతో కలిసి జేసీబీకి అడ్డంగా కూర్చున్నాను. డ్రైవరు ఇంజను ఆపి ఎవరికో ఫోన్ చేశాడు. చీకటిపడే దాకా ఎవరూ రాలేదు. మేమూ లేవలేదు.