ఎవరి కోసం పెట్టుకున్నవ్?

మంగళవారం, రాయచూరు

సాయంత్రం వార్డులో డ్యూటీ దిగుతుండగా శక్తినగర్ నుంచి, నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న మహేశ్ ఫోన్ చేశాడు. "డాక్టర్ సుఖవ్యాధి అన్నడు. నువ్వు గూడ రక్తం చూపించుకో," అన్నాడు. ఎవరి నుంచి వచ్చిందని నేను అడగలేదు. "తిన్నవా?" అని అడిగాను. నా నోట ఆ మాటే ఎందుకు వచ్చిందో!

రెండు నెలల క్రితం అతని క్వార్టర్స్‌లో నేనే బ్యాగులోంచి కండోమ్ ప్యాకెట్ తీశాను. నర్సును కదా, నాకు తెలియనిదా! అతని ముఖం మారిపోయింది. "గివి నీ బ్యాగుల ఎందుకున్నయి? ఎవరి కోసం పెట్టుకున్నవ్?" అన్నాడు. నేను మంచిదాన్నేనని చూపించుకోవాలనిపించింది. ప్యాకెట్ లోపల పెట్టేశాను. మళ్లీ ఎప్పుడూ తీయలేదు.

ఈ రోజు పొద్దున కూడా యరగేర నుంచి వచ్చిన కొత్త కోడలికి, కండోమ్ వాడమని భర్తను అడగడానికి సిగ్గుపడొద్దని చెప్పాను. "అడిగితే నా మీదనే అనుమానపడ్తడు సిస్టరమ్మా, ఎట్ల అడగాల్నో చెప్పున్రి," అంది. "ధైర్యంగా అడుగమ్మా," అని పంపించేశాను. ఆ పిల్లకు నేనేం చెప్పినట్టు?

రేపు పరీక్ష చేయించుకోవాలి. మా ల్యాబులో అందరూ తెలిసినవాళ్లే. ఊరు దాటి ఎక్కడికైనా వెళ్లాలి. అమ్మకు ఏం చెప్పాలో...

ఇందాక మహేశ్ మెసేజ్ పెట్టాడు. "నిజం చెప్పు, నీ నుంచే వచ్చింది గదా?"

"కాదు, అమ్మతోడు," అని పంపాను. చదివాడు. నేను అతన్ని అడగవలసిన ప్రశ్నకు నేనే ఒట్టు వేసి జవాబిస్తున్నాను.