మహిమ కడుపు, నా తోటకూర

నవంబరు 3

సిద్దికా, నేను చెప్పింది చెప్పినట్టే రాయి. నాకు అక్షరం ముక్క రాదు, పక్కింట్లో చదువుకునే పిల్లవి నువ్వున్నావు. రేపు ఎవరూ మాట మార్చకూడదు.

జ్వరానికి వేసిన యాంటీబయాటిక్స్‌తో నా మనవరాలు మహిమ కడుపు పాడైంది. నెల నుంచీ విరేచనాలే. పేగుల్లో మంచి బాక్టీరియా పోయింది, పెరుగు పెట్టండి, ఆకుకూరల్లో పీచు ఆ బాక్టీరియాకి మేత అన్నాడు పేట డాక్టరు. అప్పుడే కోసినవైతే మరీ మంచిదట. పెరట్లో నా తోటకూర మడి ఉండగా నా కోడలు రెబ్కా సూపర్‌మార్కెట్‌కి పోయి కవర్లో కట్టిన కూర తెచ్చింది! ఎన్నాళ్ల కిందట కోశారో వాళ్లకే తెలియదు.

నీ మట్టి కూర నా పిల్లకొద్దత్తా అంది. వారం నాకొదిలెయ్, తగ్గకపోతే మడి నేనే పీకేస్తానన్నాను.

నవంబరు 6

విరేచనాలు కట్టాయి. ఒక్క చిల్లు లేని ఆకు నాది! రెబ్కా మూతి ముడుచుకుని తిరుగుతోంది. తిరగనీ.

నవంబరు 8, పొద్దున

పిల్లకి వాంతులు. నోటి వెంట చొంగ. ఆటో వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

సెలైన్ ఎక్కుతోంది. ఏ పురుగుమందు తగిలిందని డాక్టరు అడిగాడు. మందేంటి, మా పెరటి కూర తిందన్నాను. వరండాలో అందరూ వింటుండగా, నా బిడ్డ మీద పంతం ఆడావే ముసల్దానా అంది రెబ్కా. కొట్టినా బాగుండేది.

నవంబరు 10

పిల్ల గండం గడిచిందన్నారు.

నా కొడుకు జయపాల్ కూలికి మిరప చేలల్లో మందు కొడతాడు. ఇవాళ వచ్చి స్ప్రే ట్యాంకు బోరింగు దగ్గర కడిగాడు. తెల్లటి నీళ్లు. కాలవలో పడి నేరుగా నా మడిలోకి పోయాయి.

ఒరేయ్, ఏం చేస్తున్నావురా అని అరిచాను. రోజూ చేసేదే కదమ్మా అన్నాడు. నా ఆకుకి చిల్లు లేదని వీధంతా చెప్పుకుంటావే, పురుగులకి నువ్వంటే భయమనుకున్నావా అని నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మట్టి తోసి కాలవకి అడ్డం వేశాడు.

మడంతా పీకాను. గేదెలు తినకుండా గొయ్యి తీస్తుంటే రెబ్కా వచ్చి రెండో పార పట్టింది.

ఆగావేంటి సిద్దికా? విషం మా ఇంటి నీళ్లదేనని కూడా రాయి.

నవంబరు 16

రెబ్కా బజారు తోటకూర తెచ్చింది. ఉప్పునీళ్లలో కడిగి నేనే వండాను. మహిమ ఇంకొంచెం పెట్టమంది.

రెబ్కా తల ఊపేదాకా గరిట ఎత్తలేదు.