మావ ట్రాక్టరు ఎందుకు మరిగింది

మావా,

నేను, నీ పెళ్ళాం పైడిని. నువ్వు పోయి తొమ్మిది నెల్లయింది. ఐదో తరగతి దాకా సదివిన సదువు ఇందుకు పనికొస్తాదనుకోలేదు... ఈ ఉత్తరం ఎక్కడ ఎయ్యాలో తెలీదు. అయినా రాస్తన్నాను. నీకు సెప్పాల్సిన మాట ఒకటుంది.

మీ అమ్మ బాగుంది అనను. తిరుగుతంది, అంతే. మీ తమ్ముడు సింహాచలం నీ పని అందుకున్నాడు. అవును, అదే ట్రాక్టరు.

మొన్నటి దాకా అది మూల పడుంది. నిన్ను బస్సులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజే కామందు దాన్ని ఎడ్ల సేత తన పాకలోకి లాగించేడు. పదకొండో రోజున ఊపిరి లేని నిన్ను తీసుకొచ్చేం... తర్వాత దాని మీద ఎవరూ సెయ్యి ఎయ్యలేదు.

ఆ రోజు నేను గట్టు మీదే ఉన్నాను కదా. వడ్డాది రోడ్డు పక్క సెరుకు సేను. ఇంజను మూడోసారి మరిగింది. రేడియేటరు మూత సందులోంచి ఆవిరి బుస్సుమంటంది. నువ్వు గోనెగుడ్డ మడిచి మూత మీద ఎయ్యడం సూసేను. "కాకెక్కిన ఇంజను మూత ముట్టకూడదురా, అరగంట సల్లారనీ" అని తమ్ముడికి ఎన్నిసార్లు సెప్పేవు? మరి నువ్వెందుకు ముట్టేవు? మాడుగుల కొండల మీద మబ్బు సూసా? పొద్దుగూకేలోగా దున్నడం అయిపోవాలన్న కామందు మాటకా?...

మూత తిరగ్గానే మరుగునీళ్ళు మొహం మీదా గుండెల మీదా పడ్డాయి. నీ అరుపు గురించి రాయను.

బండి మంచిదే, డ్రైవరు తొందరపడ్డాడు అని కామందు ఊరంతా సెప్పుకున్నాడు. అత్తా అదే నమ్మింది. నా కొడుకు దుడుకు మనిషి, సేజేతులా పోయేడు అని గుమ్మంలోకొచ్చిన ప్రతి మనిషికీ సెప్పి ఏడుస్తాది. నాకా మాట పడదు. దుడుకు మనిషైతే విప్పిన ప్రతి బోల్టునీ గుడ్డ మీద వరసగా పెట్టుకుంటాడా?

కిందటి నెల కామందు సింహాచలాన్ని పిలిచి ట్రాక్టరు ఎక్కమన్నాడు. సరే అని వచ్చేడు. నేను అడ్డం పడ్డాను. అది ఎందుకు మరుగుతందో తేలేదాకా ఎక్కడానికి లేదు, ఈ ఇంట్లోంచి ఒక మనిషి పోయింది సాలు అన్నాను. మరిది మీద గొంతు పెంచడం అదే మొదలు. మర్నాడు ఆడు బోల్టులిప్పే పానాలు అందించడానికి నన్నూ పాకకి రమ్మన్నాడు.

నువ్వు సూసినవన్నీ ముందు సూసేం. ఫ్యాను బెల్టు బిగువుగానే ఉంది. నూనె ఉంది. రేడియేటరు రేకుల్లో ఇరుక్కున్న సెరుకాకు నువ్వు ఈనుపుల్లతో తీసేవోడివే, అక్కడా శుభ్రమే. నీళ్ళు పోసి ఇంజను తిప్పితే పావుగంటకే మళ్ళీ కాక. సింహాచలం ఆపేసి దూరంగా వచ్చి నిలబడ్డాడు. మూత ముట్టలేదు. రబ్బరు గొట్టాలు మాత్రం పైపైన తడిమి సూసేడు.

పై గొట్టం సెయ్యి పెట్టనివ్వట్లేదు, కింది గొట్టం సల్లగా ఉంది, నీళ్ళు లోపల కిందికి దిగట్లేదు వదినా, అన్నాడు.

బాగా సల్లారేక రేడియేటరు విప్పి నేల మీద పెట్టేం. పైనుంచి సెంబుడు నీళ్ళు పోస్తే కింద సుక్కలు సుక్కలుగా పడ్డాయి. తిరగేసి తట్టేడు. ఎర్రమట్టి రాలింది. సన్నటి మట్టి... వేడికి పెంకులు కట్టేసింది.

ఇదెక్కణ్ణుంచి వచ్చిందో ఆడికి తెలీలేదు. నాకు తెలిసింది.

అది గెడ్డ మట్టి మావా.

"నూతినీళ్ళే తేవాలే పైడీ, దానికి మనకంటే తేటనీళ్ళు కావాలి" అనీవోడివి. నుయ్యి రెండు సేల అవతల. గెడ్డ గట్టు కిందే పారుతాది. వానాకాలం కొండల మీంచి ఎర్రగా దిగుతాది. రేడియేటరులో పోసే నీళ్ళు నేను అందులోంచే ముంచి, కొంగు మడతలేసి వడగట్టీదాన్ని. బిందెలో తేటగానే కనపడీది. నూతివేనా అని నువ్వడిగితే నూతివే అనీదాన్ని. రెండు వానాకాలాలు... నువ్వు నమ్మి పోసుకున్నావు.

మూత తీసింది నువ్వే, నిజమే. కానీ అది అంతలా మరిగింది నా బిందె వల్లే కదా? ఆసుపత్రిలో నా వేలు పట్టుకుని "అన్నీ సూసేను, ఎందుకు కాగుతందో తెలీలేదే" అన్నావు. అప్పటికి నాకూ తెలీదు. తెలిస్తే సెప్పీదాన్నా?... రోజూ అదే అడుక్కుంటన్నాను.

సింహాచలం సాకలి సోడా కలిపిన వేణ్ణీళ్ళతో నాలుగుసార్లు కడిగి బిగించేడు. పొద్దల్లా దున్నినా బండి కాగలేదు. కామందు సంబరపడ్డాడు. నేను ఇంటికొచ్చి పెరట్లో కూలబడ్డాను.

ఈ రోజు పొద్దున్న దేవరాపల్లి నుంచి మీ పిన్ని వచ్చింది. అత్త మళ్ళీ మొదలెట్టింది. నా కొడుకు దుడుకు మనిషి అనేసరికి నాకు ఆగలేదు. ఇద్దరి ముందూ సెప్పేసేను. గెడ్డనీళ్ళు, కొంగు, ఆడిన అబద్ధం... అన్నీ.

అత్త కొట్టలేదు, తిట్టలేదు. లేచెళ్ళి పశువుల పాకలో గోడవేపు తిరిగి కూకుంది. ఇప్పుడు సాయంత్రమయింది. సింహాచలం బతిమాలేడు, పిన్ని బతిమాలింది. నేను పెట్టిన కంచం అలాగే ఉంది. నాతో మళ్ళీ మాటాడతాదో, నీ సంవత్సరీకం అయ్యేక నన్ను మా అమ్మ దగ్గరికి పంపేస్తాదో తెలీదు. పొమ్మంటే పోతాను. కాదనే మొహం నాకు లేదు.

కానీ పోయేముందు కామందు పాకకి ఎళ్తాను. ఆడి పొలం పనోళ్ళు, పాలికాపులంతా ఉండగా సెప్తాను. నా మొగుడు ఊరికే తొందరపడి పోలేదు, ఆ మట్టి నేను మోసింది అని.

రేపే ఎళ్తాను మావా. మాటిస్తన్నాను.

నీ
పైడి